పొగగొట్టం వంచే మనిషి కోసం పుప్పాలగూడ దాకా

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే చాలు, చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా, ముత్యాలు కొన్నావా అని ఒకటే అడగడం. మూడూ లేవు. నేను చూసింది బస్సుల అడుగుభాగం. ఐదు రోజుల్లో నాలుగుసార్లు బస్సు కింద దూరాను. నీలం చీర మీద పడ్డ గ్రీజు మరక సున్నిపిండికీ లొంగలేదు, కిరోసిన్‌కీ లొంగలేదు. అయినా నా నలభై ఆరేళ్ళలో ఇంత తృప్తిగా తిరిగొచ్చిన ప్రయాణం ఇంకొకటి లేదు. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

మాది బెజవాడ ఆటోనగర్‌లో సైలెన్సర్ల షాపు. ఇంజను పొగను బయటికి మోసుకెళ్ళే గొట్టం, చప్పుడు మింగే డబ్బా, వాటి మధ్య వంపులు, ఇవే మా వ్యాపారం. చేసేది మా ఆయన, మాట్లాడేది నేను. ఇనుముతో ఎంత పనైనా చేయించుకుంటాడు గానీ, కొత్త మనిషి ఎదురైతే ఆయనకు రెండో మాట పెగలదు. అందుకని కొనుగోళ్ళు, బేరాలు, తగాదాలు ఇరవై రెండేళ్ళుగా నా వాటాకే వచ్చాయి. తగాదాలు నేను మరీ కాదనుకున్నవి కూడా కావు.

రెండేళ్ళ కిందట ఆయన కుడి భుజం దెబ్బతింది. లారీ డబ్బా ఎత్తబోతే పట్టేసింది, మళ్ళీ మునుపటిలా లేవలేదు. సన్న గొట్టాలు ఇప్పటికీ వంచుతాడు. బస్సులకు వేసే లావు గొట్టాన్ని ఎర్రగా కాల్చి లాగాలంటే మాత్రం చెయ్యి రాదు. ముక్కలు కోసి, ముక్కకు ముక్క వెల్డింగు పెట్టి వంపు తెస్తున్నాడు. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

మా పక్క షెడ్డులో బాడీ కట్టిన పన్నెండు బస్సులు ఆ ముక్కల గొట్టాలతోనే హైదరాబాదు వెళ్ళాయి. మాదాపూర్‌లో కొత్తగా వెలిసిన కంప్యూటర్ ఆఫీసులకు ఉద్యోగుల్ని చేరవేసే బస్సులవి. ఆర్నెల్లు తిరక్కుండానే అతుకులు పగిలాయి. పొగ లోపలికి కొడుతోందని, వెనక సీట్లలో అమ్మాయిలు వాంతులు చేసుకుంటున్నారని బస్సుల యజమాని రాజిరెడ్డి గారు ఫోను చేశారు. శనివారం సాయంత్రానికి అతుకు లేని గొట్టం ఒక్క బస్సుకు వేసి చూపిస్తే పన్నెండూ మాకే, లేదంటే మాకో దండం అన్నారు. బాడీ షెడ్డు వాళ్ళు కూడా, ముందు ముందు బస్సుల పని మాకివ్వాలో వద్దో దీన్నిబట్టే అన్నారు. మా షాపు గొట్టం మీద ఫిర్యాదు రావడం అదే మొదలు. మా ఆయన రెండు రోజులు కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

వంపులు బయట చేయించుకుందాం అన్నాను. ఆటోనగర్‌లో అడిగితే సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది కాబట్టి, బస్సులున్న చోటే వెతుకుతాను అన్నాను. మర్నాడు ఆయన బాడీ షెడ్డులో అదే రకం బస్సు కింద దూరి, గొట్టం ఏ దారిన పోవాలో ఆ దారినే ఒక సన్న ఇనప చువ్వను వంచి తెచ్చి నా ముందు పెట్టాడు. మా పనిలో కాగితం మీద బొమ్మలుండవు. చువ్వ ఎలా వంగితే గొట్టం అలా వంగాలి, అంతే. ఆ చువ్వను పాత చీరలో చుట్టుకుని మంగళవారం పొద్దున బస్సెక్కాను.

సూర్యాపేట

అంత పొడుగు చువ్వ లోపలికి వద్దన్నాడు కండక్టరు. పైన కట్టించాను. నా వెనకే నూజివీడు మామిడికాయల ఆసామి ఒకాయన ఎక్కి, తన బుట్టలు కూడా పైకి చేర్చాడు. ఎన్ని బుట్టలో నేను లెక్కపెట్టలేదు గానీ, టాపు మీద ఆయనా, క్లీనరూ చాలాసేపు తాళ్ళు బిగించారు.

సూర్యాపేటలో భోజనానికి ఆపారు. అన్నం, పప్పు, పలచటి సాంబారు, పదిహేను రూపాయలు. పచ్చడి అడిగితే వడ్డించే అతను నిమ్మకాయ చెక్క ఒకటి పడేసి పోయాడు. ఆవకాయ లేని భోజనం ఏం భోజనం అని నేను గొణుగుతుంటే, మామిడికాయల ఆసామి తన డబ్బాలోంచి మాగాయ తీసి నా విస్తట్లో వేశాడు. ఏ ఊరు, ఎందుకు వెళ్తున్నావు అని అంతా అడిగాడు. దిగేటప్పుడు రెండు రసాలు నా చేతిలో పెట్టి, "మీ చువ్వ అడ్డంగా ఉండబట్టి మా బుట్టలు జారలేదమ్మా, దానికే కట్టేశాం" అన్నాడు. ఎంత మంచి మనిషో అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను, కాకపోతే కొంచెం పళ్ళు కొరుకుతూ.

కొండాపూర్

మా చిన్న తోడికోడలి చెల్లెలు రమణి ఇంట్లో దిగాను. వాళ్ళాయనకు ప్రభుత్వోద్యోగం, రెండు గదుల కిరాయి ఇల్లు. చుట్టూ బండరాళ్ళు. ఒకదాని మీద ఒకటి పేర్చి ఎవరో మరిచిపోయినట్టున్నాయి. రాయి లేని చోట కొత్త ఇళ్ళకు పునాదులు తవ్వుతున్నారు. పొద్దున నీళ్ళ ట్యాంకరు వస్తే రమణి బిందెలతో పరుగెత్తింది. కృష్ణ పక్కన పుట్టి పెరిగిన నాకు నీళ్ళకు పరుగెత్తడం తెలియదు. నా స్నానానికి నిండు బకెట్టు పెట్టింది. ఆమె, పిల్లలు కలిసి ఇంకో బకెట్టుతో సరిపెట్టుకోవడం నేను తలుపు సందులోంచి చూశాను. మర్నాటి నుంచి సగం బకెట్టు చాలని పట్టుబట్టాను.

"అక్కా, మీరు నిజంగా ఒక్కరే ఆ షెడ్లన్నీ తిరుగుతారా?" అని అడిగింది రమణి.

"షెడ్లలోనే కదా నా కాపురం" అన్నాను.

మాదాపూర్

రాజిరెడ్డి గారి షెడ్డు ముందు నిలబడితే కంప్యూటర్ ఆఫీసులున్న ఆ గుండ్రటి అద్దాల మేడ కనిపిస్తుంది. చుట్టూ ఏమీ లేదు, ఎర్రమట్టి, రాళ్ళు, మధ్యలో అది. టీ బండి దగ్గర టై కట్టుకున్న కుర్రాళ్ళు, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు తేదీలు తెలియక తిక్క పుడుతుందనీ, దాన్ని బాగుచేసే పనికే తమకు ఉద్యోగాలొచ్చాయనీ చెప్పుకుంటున్నారు. కొలత తప్పితే పనెంత తిరగబడుతుందో నాకు తెలుసు కనక వాళ్ళ మీద జాలేసింది. టీ రెండున్నర. మా దగ్గర రూపాయిన్నరే, కానీ ఇంత చిక్కగా ఉండదు.

రాజిరెడ్డి గారు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు. "ఏందమ్మా, సార్ రాలేదా?"

"ఆయన పని చేస్తారండి, నేను చేయిస్తాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఖాళీగా ఉన్న ఒక బస్సు చూపించి, "గిదే బండి. శనివారం ఆరు గంటలకు ఆఫీసోళ్ళను ఎక్కియ్యాలె. అప్పటిదాంక ఏం చేస్తరో చెయ్యుండ్రి" అన్నారు. నేను కొంగు దోపుకుని కిందికి దూరాను. పగిలిన అతుకుల దగ్గర మసి నల్లగా పేరుకుని ఉంది. మా ఆయన చేతిపని ఆ స్థితిలో చూడటం బాధనిపించింది. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాను.

పుప్పాలగూడ, మొదటిసారి

నాకో అలవాటుంది. రోడ్డు మీద ఏ బండి వెళ్ళినా దాని గొంతు వింటాను. అతుకు వదిలితే ఒక చప్పుడు, వంపు నలిగితే ఒక చప్పుడు. మాదాపూర్‌లో ఎక్కిన ఆటో బయటికి చూస్తే డొక్కు, గొంతు మాత్రం కొత్తపెళ్ళికొడుకులా నెమ్మదిగా ఉంది. సైలెన్సర్ ఎవరు చేశారని అడిగాను.

"గిది మల్లయ్య చేసిండక్కా. పుప్పాలగూడల ఉంటడు" అన్నాడు డ్రైవరు. అతని పేరు యాదగిరి. "మూడేండ్లయింది, ఒక్కపారి గూడ విప్పలే. క్వారీ టిప్పర్లన్నిటికి గాయననే వంచుతడు. పోదమంటే పోదం."

గచ్చిబౌలి దాటాక అది రోడ్డు కాదు, రాళ్ళ మధ్య సందు. ఒక గుంతలో నా చెప్పు తెగింది, ఇంకో గుంతలో నా తల పైకప్పుకు తగిలింది. "ఫికర్ చెయ్యకక్కా, అచ్చినం" అని యాదగిరి నాలుగుసార్లు అన్నాక నిజంగా వచ్చాం.

ఊరి చివర రేకుల షెడ్డు, బొగ్గుల కొలిమి, గోడకు ఆనించిన గొట్టాలు. మల్లయ్యకు యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. కొలిమికి గాలి కొట్టే చక్రం ఆయన భార్య లచ్చమ్మ తిప్పుతోంది. మగవాళ్ళ పనిలో ఇంకో ఆడమనిషిని చూసి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళీ వెళ్ళగానే గ్లాసులో చాయ్ పెట్టారు. మా ఆటోనగర్‌లో ముందు రేటు, తర్వాత టీ. ఇక్కడ చాయ్ అయిపోయినా రేటు మాట రాదు.

"వంపుకు ఎంత తీసుకుంటారండీ?" అన్నాను ఉండబట్టలేక.

"బండేది?"

"మాదాపూర్‌లో ఉందండి."

"గట్లయితే బండి తోలుకరా. కిందికి దూరి చూడంది నేను గొట్టం వంచ."

"కొలత తెచ్చాను కదండీ" అని చీర విప్పి చువ్వ చూపించాను.

"చువ్వ చువ్వనే. బండి బండే. నువ్వు బండి తే, అప్పుడు మాట్లాడుకుందం."

ఆ 'నువ్వు' నాకు చురుక్కుమంది. మా వైపు కొత్తవాళ్ళను అలా అనరు. దానికి తోడు కొలతను కొట్టిపారేయడం. "మా ఆయన కొలత తప్పంటారా?" అన్నాను.

"తప్పని నేనన్ననా? చూడాలె అన్న. జర ఇటియ్యి, అదన్న చూస్త" అని చెయ్యి చాపాడు.

నేను ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ళ చెయ్యి మా ఆయనది, దాన్ని ఈ రాళ్ళలో ఉన్న మనిషి ముందు పరీక్షకు పెట్టాలా అనుకుని, చువ్వ చుట్టేసుకుని ఆటో ఎక్కేశాను. వెనకనించి లచ్చమ్మ, "కోపం జేసుకోకక్కా, మల్ల రా" అంటూనే ఉంది.

బాలానగర్

గురువారం బాలానగర్‌లో పెద్ద కంపెనీకి వెళ్ళాను. గేటు దగ్గర పుస్తకంలో సంతకం, లోపల ఫ్యాను కింద కుర్చీ, చల్లటి కూల్‌డ్రింకు. మాట్లాడిన ఆఫీసరు తెనాలి అబ్బాయి. "మేడమ్, మీరు శాంపిల్ ఇవ్వండి చాలు, డిట్టోగా తీసిస్తామండి" అన్నాడు. ఆ 'అండి' వినగానే సొంతూరొచ్చినట్టయింది. మర్యాదకు ఇంత లొంగిపోతానని నాకే తెలియదు.

యంత్రం చూపించాడు. గొట్టాన్ని నిప్పు చూపించకుండా, చల్లగానే, పిండిముద్దలా వంచేస్తోంది. ఎక్కడా ముడత లేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఒక్క గొట్టానికి మూడొందల యాభై అన్నాడు, మూడొందల ఇరవైకి దించాను. శుక్రవారం మధ్యాహ్నానికల్లా గొట్టం చేతిలో పెట్టాడు. చువ్వను పక్కన పెట్టి చూస్తే అచ్చు దిగినట్టుంది. పని అయిపోయిందనుకున్నాను. మాదాపూర్ దారిలో ఆటో ఆపించి రమణి పిల్లలకు కిలో ద్రాక్ష కూడా కొన్నాను.

మాదాపూర్, శుక్రవారం

గొట్టం వెళ్ళలేదు. ఇంజను దగ్గర కూర్చుంది, మొదటి వంపు కుదిరింది, వెనక ఇరుసు దగ్గరికొచ్చేసరికి మూడు వేళ్ళ మేర ఇరుసుకే కొట్టుకుంది. తిప్పి చూశాం, తోసి చూశాం. రాజిరెడ్డి గారి మెకానిక్కు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కంపెనీని అనడానికి లేదు, ఇచ్చిన చువ్వను ఇచ్చినట్టే దించారు వాళ్ళు.

అంటే కొలతే తప్పు. మా ఆయన కొలత. ఆయన ఎన్నడూ కొలత తప్పలేదు. భుజం పోయాక కన్ను కూడా పోతోందా అనిపించింది. ఇంటికెళ్ళి ఈ మాట ఆయనకు ఎలా చెప్పను? బస్సు కిందే వెల్లకిలా పడుకుని ఏడ్చాను. ఎవరూ చూడరనుకున్నాను గానీ, నా కాళ్ళు బయటికే ఉన్నాయి.

"ఏందమ్మా, గంతసేపు ఏం చేస్తున్నవ్?" రాజిరెడ్డి గారి గొంతు.

ముఖం తుడుచుకుని బయటికొచ్చాను. గ్రీజంతా బుగ్గలకు పూసుకున్నట్టున్నాను. ఆయన అక్కడున్న స్టూలు నా వైపు జరిపారు. అప్పుడు అడిగేశాను. "రేపు సాయంత్రం దాకా ఈ బస్సు నాకివ్వండి. పుప్పాలగూడ తీసుకెళ్తాను."

"గా మల్లయ్య దగ్గరికా? ముందే పోకపోతివి?"

"పోయానండి. కోపమొచ్చి తిరిగొచ్చాను."

ఆయన మొదటిసారి నవ్వారు. "తీస్కపో. డ్రైవర్‌ను గూడ తీస్కపో."

పుప్పాలగూడ, రెండోసారి

ఆ రాళ్ళ సందులో బస్సు పట్టించడం ఆ డ్రైవరు గొప్పతనం. పొద్దు ఇంకా ఉండగానే చేరాం. బస్సు చూడగానే మల్లయ్య చేతిలో సుత్తి పక్కన పెట్టాడు. గోనెపట్టా పరుచుకుని బస్సు కింద దూరి, చాలాసేపటికి బయటికొచ్చి చెయ్యి చాపాడు. ఈసారి చువ్వ ఇచ్చాను. దాన్ని వెలుగులోకి తీసుకెళ్ళి, బొటనవేలితో మొదలు నుంచి చివరిదాకా తడిమాడు.

"గిటు రా అమ్మా. వేలు పెట్టి చూడు. ఇగో, సుత్తి దెబ్బలు. ఇక్కడ గూడ. నాలుగు వంపులు, నాలుగింటికి దెబ్బలున్నయి." చివరి నుంచి మూరెడు ఇవతల ఆగాడు. "గీ ఐదోదానికి దెబ్బ ఏది? నున్నగున్నది. ఇది మనిషి వంచింది గాదు, బరువు పడి వంగింది. మీ ఆయిన కొలత మంచిగనే ఉన్నది. తొవ్వల ఏమన్న అయిందా?"

మామిడి బుట్టలు! రెండు రసాలు పుచ్చుకుని మరీ ఆనందించాను. తల మీద చెయ్యి పెట్టుకుని కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా ఆ కథంతా చెప్పాను. లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మల్లయ్య ఆ నున్నటి చోట సుత్తితో రెండు దెబ్బలు వేసి చువ్వను సాపు చేసి, మళ్ళీ బస్సు కింద పట్టి చూశాడు. ఒక్క అరంగుళం తేడా వచ్చింది. "గిది మాత్రం మీ బెజవాడోళ్ళ పుణ్యం. ఒక్కో బస్సు ఒక్కో తీరు కడ్తరు. అందుకే బండి తెమ్మన్న" అన్నాడు. బాడీలు చేత్తో కడతారు మరి.

ఆ పూట లచ్చమ్మ తినకుండా కదలనివ్వలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. నాకు రొట్టె అంటే జ్వరమొచ్చినప్పుడు తినేది. కొలిమి పక్కన కాల్చిన ఆ వేడి రొట్టెలు మాత్రం మూడు తిన్నాను. "ఇంకోటి తిను, నువ్వు గూడ పనిజేసేదానివే గద" అంది. ఆ 'నువ్వు' ఈసారి చురుక్కుమనలేదు.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. ఉత్త గొట్టాన్ని వంచితే లోపలికి నలిగిపోతుంది కాబట్టి దాన్ని నింపి వంచాలి. మా ఆయన ఇసుక పోస్తాడు. ఇక్కడ ఏరు లేదు, క్వారీలో పడే రాతిపొడే గతి. దాన్ని జల్లించి, పెనం మీద వేయించి, తేమ లేకుండా చేసి గొట్టంలో పోశారు. రెండు కొసలకూ కట్టె బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి, కొక్కేనికి తగిలించి మల్లయ్య లాగాడు. ముందు పరీక్షకని ఒక చిన్న ముక్క వంచాడు. వంపు లోపలి వైపు సన్నటి ముడత ఒకటి పడింది.

"గీ పొడి సక్కగ దిగదమ్మా. ఏడనో సందు ఉండిపోతది" అని మొహం మాడ్చుకున్నాడు.

అసలు గొట్టం నింపేటప్పుడు లచ్చమ్మ కట్టెసుత్తితో పైనుంచి కిందికి కొట్టుకుంటూ పోతోంది. పొడి దిగిన చోట మొద్దు చప్పుడు. నేను పక్కన కూర్చుని విన్నాను. ఒక చోట గొంతు మారింది. "ఇక్కడ బోలుగా ఉంది" అన్నాను. లచ్చమ్మ మళ్ళీ కొట్టి, నా మొహం చూసి, మొగుడి వైపు చూసి, "అక్క చెవి మంచిగున్నది" అంది. ఇంకా కొట్టాం, ఇంకా పోశాం. అలా మూడుచోట్ల దొరికాయి. కాల్చేటప్పుడు చక్రం నేనూ ఒక చెయ్యి తిప్పాను. ఊరు విడిచిన ఐదో రోజుకి అక్కడ నేను అతిథిని కాకుండా పోయాను, అది నాకెంత బాగుందో చెప్పలేను.

మధ్యాహ్నానికి గొట్టం బస్సు కిందికెక్కింది. ఒక్క ముక్క, అతుకు లేదు, ఇరుసును తాకకుండా జానెడు దూరంలో పోయింది. అప్పుడు చెప్పాడు మల్లయ్య రేటు. బాలానగర్ కన్నా నలభై ఎక్కువ. పుట్టి బుద్ధెరిగాక బేరం ఆడకుండా నేను ఒప్పుకున్న రేటు అదొక్కటే. కంపెనీ యంత్రం మంచిదే, వాళ్ళ మర్యాదా మంచిదే. కానీ పన్నెండు బస్సులూ పన్నెండు తీరులుగా ఉన్నప్పుడు, ఇచ్చింది ఇచ్చినట్టు దించేవాళ్ళకన్నా, చెయ్యి చాపి చూస్తానని అడిగే మనిషి నాకు కావాలి.

గుట్ట ఎక్కిన బస్సు

ఆరు గంటలకు ఉద్యోగులు ఎక్కారు. రాజిరెడ్డి గారు వెళ్ళి చివరి సీట్లో కూర్చున్నారు. నేనూ, మల్లయ్యా ముందర నిలబడ్డాం. బండి నిండుగా ఉంది. అద్దాల మేడ దగ్గరి ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గట్టిగా మూలిగింది. గొట్టం ఎక్కడ కొట్టుకుంటుందోనని నా గుండె చప్పుడు నాకే అడ్డొచ్చింది. చెవులు రిక్కించి విన్నాను. ఏమీ లేదు. వెనక కూర్చున్న ఒక అమ్మాయి పక్క అమ్మాయితో, "ఇవాళ కిటికీ తెరవక్కర్లేదే" అంది.

దిగాక రాజిరెడ్డి గారు ముక్కు ఎగబీల్చి, "పొగ వాసన లేదు. గిండ్ల ఎవరి పనెంత?" అని అడిగారు.

ఎక్కువ మాదే అనొచ్చు. ఆర్డరు మా షాపు పేరు మీదే కదా, మల్లయ్యా అడ్డుచెప్పడు. "వంచింది మల్లయ్య గారండి. కొలత మా ఆయనది" అన్నాను.

"చెవి అక్కది సార్" అన్నాడు మల్లయ్య.

"గట్లయితే ముగ్గురు కలిసి మిగిలిన పదకొండు బళ్ళు చెయ్యుండ్రి" అన్నారాయన. రోడ్డు మీదే ఇద్దరికీ దండం పెట్టాను.

బెజవాడ

ఆదివారం సాయంత్రం ఇల్లు చేరాను. ఆర్డరు వచ్చిందని చెబితే మా ఆయన తల ఊపాడు. మామిడి బుట్టల కథకు నవ్వాడు. ఆ తర్వాత సంచిలోంచి మల్లయ్య వంచిన పరీక్ష ముక్క తీసి ఆయన ముందు పెట్టాను. దాచడం నాకిష్టం లేకపోయింది. ఇకనుంచి మా షాపు పేరు మీద వెళ్ళే వంపులు ఇంకొకాయన చేతివి, ఆ చెయ్యి ఎలాంటిదో మా ఆయనే చూసుకోవాలి.

ముక్కను వెలుగుకు పట్టుకుని చూశాడు. ఎడమచేతి రెండు వేళ్ళు లోపలికి పెట్టి మెల్లిగా తిప్పాడు. ఒక చోట ఆగాడు.

"ఇక్కడ ముడత ఉంది" అన్నాడు.

ఇక వద్దంటాడు, ఎలాగో నేనే చేస్తానంటాడు, ఉన్న భుజం కూడా పోతుంది అనుకున్నాను.

"లోపల ఏం పోశాడు?" అని అడిగాడు.

"రాతిపొడి. అక్కడ ఏటి ఇసుక దొరకదట."

"రాతిపొడితో ఇంత బాగా తీశాడా!" అన్నాడు. ఆ ముక్కను కింద పెట్టలేదు, అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకున్నాడు.

సోమవారం నేను లేచేసరికి ఇంట్లో లేడు. కృష్ణ ఒడ్డు నుంచి రిక్షాలో సన్న ఇసుక తెప్పించి, షాపు ముందు రేకుల మీద ఆరబోసి, ఎడమచేత్తో తిరగేస్తున్నాడు. సాయం చేస్తానంటే రానివ్వలేదు. రెండుసార్లు జల్లించాడు. మధ్యాహ్నానికి రెండు బస్తాలు కుట్టించి, హైదరాబాదు వెళ్ళే లారీ మాట్లాడమన్నాడు. బస్తాల మీద పేరు రాయడానికి నేను రంగూ బ్రష్షూ తీసుకుని కూర్చున్నాను. మల్లయ్య, పుప్పాలగూడ అని రాశాను. దాని కింద మా షాపు పేరు మొదలుపెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆయన పేరు చాల్లే, వంచేది ఆయన కదా" అన్నాడు.